బాక్స్ రూమ్‌లో పాలిమర్

షాలేమ్ రాజు లేచి, కోటు గుండీ పెట్టుకుని, తన కొడుకు ఆషెర్‌కి పందొమ్మిది శాతం వచ్చిందని చెప్పినప్పుడు హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అది వాట్‌ఫర్డ్‌లో ఒక ప్రైమరీ స్కూలు హాలు. ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఫెలోషిప్ వాళ్ళు అద్దెకు తీసుకుంటారు. ఆరాధన అయ్యాక సాక్ష్యాల సమయం. దేవుడు చేసిన మేలులు చెప్పుకోవడానికి పెట్టుకున్నది. సాధారణంగా ఆ హాల్లో దేవుడు నాలుగు బెడ్‌రూముల ఇళ్ళు, ప్రమోషన్లు, పిల్లలకి పోటీ పరీక్ష పెట్టే గ్రామర్ స్కూలు సీట్లు ఇస్తుంటాడు. వినయంగా చెబితే చాలు, ఎంత పెద్ద సంగతైనా చెప్పొచ్చు. కానీ వందకి పందొమ్మిది తెచ్చుకున్న కొడుకు గురించి లేచి నిలబడి చెప్పిన తండ్రి అంతవరకూ లేడు. కూర్చున్నవాళ్ళంతా ముప్పై అయిదు వస్తేనే పాసయ్యే చోట చదువుకున్నవాళ్ళు.

వెనక వరుసలోంచి గోపాల్‌రావు గారు జాలిగా, "ఫర్వాలేదు బ్రదర్. మళ్ళీ రాస్తాడు. ప్రార్థనలో పెడదాం," అన్నారు.

"పరీక్ష కాదండీ," అన్నాడు షాలేమ్ రాజు. "సోలార్ సెల్లు. మావాడు పీహెచ్‌డీలో చేస్తన్నాడు కదా. దాని మీద పడ్డ ఎండలో వందకి పందొమ్మిది వంతులు కరెంటు అయిపోద్ది. ప్రపంచం మొత్తం మీద మహామహులే ఇరవై ఆరు దగ్గర ఆగిపోయారు."

అప్పుడు మోగాయి చప్పట్లు. షాలేమ్ రాజు భార్య సారా తల దించుకుని చేతిరుమాలు మడతపెట్టుకుంది. అది వినయం. చాలాసేపు మడతపెట్టింది.

ఆ చప్పట్లు ఆగకముందే ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగి, "ప్రేమలీల సిస్టర్, మీ ఏంజెలినా కూడా అదే ల్యాబు కదా? అమ్మాయికి ఎంతొచ్చింది?" అని అడిగింది.

ప్రేమలీల అబద్ధం చెప్పే చోటు కాదది. "పదిహేను," అంది.

అయిదు నిమిషాల కిందట ఆ హాల్లో ఎవరికీ ఈ లెక్క తెలియదు. ఇప్పుడు అందరూ నిపుణులే. ఆ ముందు వరుస ఆవిడ ప్రేమలీల చేయి నొక్కి, "ఆడపిల్లకి పదిహేను చాల్లే సిస్టర్," అని ఓదార్చింది.

ప్రేమలీల పెద్దాసుపత్రిలో వార్డ్ సిస్టర్. పాతికమంది పేషెంట్లనీ, వాళ్ళ బంధువులనీ, కొత్తగా వచ్చిన డాక్టర్లనీ ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషి. ఇంటికెళ్ళేదాకా కారులో మాట్లాడలేదు. భర్త బాబురావు కూడా మాట్లాడలేదు. కారు కొని నాలుగేళ్ళయినా సీట్లకి షోరూమ్ వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి కాబట్టి, ఎవరు కదిలినా చప్పుడు మాత్రం వస్తోంది.

బాబురావుది నర్సాపురం. వాట్‌ఫర్డ్‌లో ఒక ఫైనాన్స్ ఆఫీసులో ఉద్యోగం. వస్తువులు వాడటానికి కాదు, కాపాడటానికి అని ఆయన నమ్మకం. టీవీ రిమోట్ పాలిథిన్ కవర్లో ఉంటుంది. ఏ బటన్ ఏదో కవరు మీదనుంచి కనిపించదు, అందుకని కవరు మీద పెన్నుతో అంకెలు రాశాడు. బైబిల్‌కి తోలు కవరు, ఆ తోలు కవరు పాడవకుండా ఇంకో కవరు. చెత్త బిన్నులు ఏ రోజు తీస్తారో ఊరి కౌన్సిల్ పంపే క్యాలెండర్‌ని ల్యామినేట్ చేసి పెడతాడు. ఏడాది తిరిగేసరికి ఆ క్యాలెండర్ పనికిరాదు, కానీ కొత్తదానిలా ఉంటుంది.

ఆ సాయంత్రం దోసెల దగ్గర ఆయన కూతుర్ని అడిగాడు. "ఏంజీ, నాకో డౌటు. వైర్ల చుట్టూ ప్లాస్టిక్ ఎందుకేస్తారు? కరెంటు బయటికి రాకూడదనే కదా? మరి నువ్వు ఆ ప్లాస్టిక్‌లోంచే కరెంటు పంపిస్తానంటే పదిహేను రావడం కూడా ఎక్కువే."

ఏంజెలినా ఎనిమిదేళ్ళప్పుడు ఈ దేశం వచ్చింది. తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులో తేలుతుంది. "డాడీ, అన్ని ప్లాస్టిక్‌లూ ఒకటి కాదు. ఇది కండక్టింగ్ పాలిమర్. దీంట్లోంచి చార్జ్ పోతుంది. చూడు, ఈ దోసె పెరోవ్‌స్కైట్ అనుకో, అంటే ఎండని పీల్చుకునే పొర. ఎండ పడగానే దీంట్లో మైనస్‌లు, ప్లస్‌లు పుడతాయి. మైనస్‌లు ఇటు పోవాలి, ప్లస్‌లు అటు పోవాలి. రెండూ ఒకే గుమ్మంలోకి వచ్చాయనుకో, ఒకదాన్నొకటి క్యాన్సిల్ చేసుకుంటాయి. అప్పుడు కరెంటు లేదు. ప్లస్‌లని మాత్రమే బయటికి పంపించే గుమ్మం నా లేయర్."

"పెళ్ళి భోజనాల దగ్గర నిలబడి వెజ్జు ఇటండీ, నాన్‌వెజ్జు అటండీ అని పంపిస్తారు, అలాగా?" అంది ప్రేమలీల.

"ఎగ్జాక్ట్లీ! ఆషెర్ కూడా అదే గుమ్మం చేస్తున్నాడు, వేరే మెటీరియల్‌తో. అందరూ వాడేది అదే. కానీ అది ఉత్తప్పుడు సరిగ్గా కండక్ట్ చేయదు. లిథియం సాల్ట్ కలపాలి. కలిపితే సూపర్. పందొమ్మిది."

"సాల్టంటే ఉప్పేనా?"

"అలాంటిదే."

"ఉప్పయితే ముసురు పట్టినప్పుడు నీరు కారిపోద్ది కదే. మా అమ్మ జాడీలో..."

"మమ్మీ, దట్స్ ద హోల్ ప్రాబ్లమ్!" ఏంజెలినా దోసె వదిలేసింది. "ఆ సాల్ట్ గాలిలో తడంతా లాక్కుంటుంది. తడి తగిలితే పెరోవ్‌స్కైట్ పసుపుపచ్చగా అయిపోయి చచ్చిపోతుంది. నాకు సాల్ట్ అక్కర్లేదు. నా పాలిమర్ దానంతటదే కండక్ట్ చేస్తుంది, నీళ్ళని దగ్గరికి రానివ్వదు. అందుకే ఇవాళ పదిహేనైనా చాలా రోజులు పదిహేనే ఉంటుంది. అని నేననుకుంటున్నా."

"అనుకోడమేంటి?" అన్నాడు బాబురావు.

"ఇంకా ప్రూవ్ చేయలేదు. మార్చి చివర్లో కంపెనీ వాళ్ళొస్తున్నారు. పెద్ద ప్యానెల్స్ చేయడానికి ఒక్క లేయరే తీసుకుంటారు. నాది తీసుకోకపోతే ఇంతే, నా ప్రాజెక్ట్ క్లోజ్. మిగతా రెండేళ్ళు ఆషెర్ లేయర్ మీద పని చేయాలి, వాడి టీమ్‌లో."

ప్రేమలీల చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "సారా కొడుకు కిందా?"

"కింద అని కాదు మమ్మీ, టీమ్‌లో..."

"కిందే."

పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్లు గురించి అప్పటిదాకా అర్థం కానిదంతా ప్రేమలీలకి ఆ ఒక్క క్షణంలో అర్థమైపోయింది.

ఫిబ్రవరిలో ల్యాబులో చాంబర్ పాడైంది. గాలిలో తేమ పెంచి సెల్లులు ఎన్నాళ్ళు బతుకుతాయో చూసే యంత్రం అది. దాని విడిభాగం జర్మనీ నుంచి రావాలి. వచ్చింది, వేరే యంత్రానిది. సరైనది ఏప్రిల్ దాకా రాదన్నారు. కంపెనీ వాళ్ళు మార్చిలోనే వస్తున్నారు. గైడు డాక్టర్ హోల్డెన్ నుదురు రుద్దుకుంటూ, "రోజంతా బాగా చెమ్మగా, వెచ్చగా ఉండే గది ఎవరికైనా తెలుసా? మాది రెండొందల ఏళ్ళ ఇల్లే, కానీ మేం కిటికీలు తెరుస్తాం," అంది.

ఏంజెలినా చేయి దానంతటదే లేచింది.

వాట్‌ఫర్డ్‌లో వాళ్ళింట్లో మేడ మీద ఒక బాక్స్ రూమ్ ఉంది. మంచం పడితే మనిషి పట్టని గది. అక్టోబరులో దాని కిటికీ మూస్తే మళ్ళీ ఏప్రిల్లోనే తెరుస్తారు. తెరిస్తే హీటింగ్ బయటికి పోతుంది, ఊరంతటికీ హీటింగ్ ఇవ్వడానికి మనమేం కౌన్సిలా అని బాబురావు అడుగుతాడు. చలికాలమంతా ఇంటిల్లిపాది ఉతికిన బట్టలు, ప్రేమలీల యూనిఫారాలు, డబుల్ బెడ్ దుప్పట్లు అందులోనే స్టాండు మీద ఆరతాయి. ఆరతాయి అనడం అలవాటు. నిజానికి తడి బట్టల్లోంచి గోడల్లోకి మారుతుంది. గోడ మూలన నల్లగా బూజు పడుతుంది. ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నప్పుడల్లా బాబురావు దానికి తెల్ల పెయింటు వేస్తాడు. బంధువులొస్తే వాళ్ళకి ఏంజెలినా మంచం ఇచ్చి, ఏంజెలినాని ఆ గదిలో నేల మీద పడుకోబెడతారు.

డాక్టర్ హోల్డెన్ స్వయంగా చూడ్డానికి వచ్చింది. సెల్లులలో సీసం ఉంటుంది కాబట్టి గదికి తాళం వేయాలి, ఎవరూ ముట్టుకోకూడదు, అందులో తినకూడదు అని కాగితాల మీద సంతకాలు పెట్టించింది. గుమ్మంలోంచి ఒక్క అడుగు లోపలికి వేసేసరికి ఆవిడ కళ్ళజోడు మసకేసింది. తేమ కొలిచే మీటరు ఎనభై నాలుగు చూపించింది. మా చాంబర్‌ని ఎనభై అయిదు దగ్గర పెడతామని ఆవిడ నెమ్మదిగా అంది.

కళ్ళజోడు తుడుచుకుని, "ఈ ఇంట్లో మనుషులు ఉంటున్నారా?" అని అడిగింది.

"సమ్మర్‌లో గాలి బాగా వస్తుందండి," అన్నాడు బాబురావు ఇంగ్లీషులో, కాస్త నొచ్చుకుని.

అలా రెండు ట్రేలు బాక్స్ రూమ్‌లో షెల్ఫు మీద పక్కపక్కనే చేరాయి. ఒక ట్రేలో ఆషెర్ సెల్లులు, ఒకదాంట్లో ఏంజెలినావి. తపాలా బిళ్ళ సైజు గాజు ముక్కలు, ముదురు గోధుమరంగువి. పైన దీపం. గాలి తగలాలి కాబట్టి మూత లేదు, సన్నటి జాలీ మాత్రమే. మార్చి చివరిదాకా వాటిని అలాగే వదిలేయాలి. తాళం చెవి బాబురావు దగ్గరుంది. తలుపు మీద ఆయన 'నో ఎంట్రీ' అని పెద్దక్షరాలతో కాగితం అంటించాడు. ల్యామినేట్ చేసే అంటించాడు.

మార్చిలో ఏంజెలినా వారం రోజులు మాంచెస్టర్‌లో కాన్ఫరెన్స్‌కి వెళ్ళింది. ఆ వారం మొదట్లోనే వాళ్ళింట్లో ప్రార్థన కూటం పడింది. స్టాన్‌మోర్ నుంచి షాలేమ్ రాజు, సారా వచ్చారు. ప్రార్థన అయింది, బిర్యానీ అయింది. సారా చేతులు తుడుచుకుంటూ, "మా ఆషెర్‌వి ఇక్కడే ఉన్నాయంట కదా బాబురావు గారూ. తలుపు దగ్గర్నుంచే ఓసారి చూసెళ్తా," అంది.

అతిథి అడిగాక తాళం తీయకపోవడం బాబురావుకి చేతకాదు.

సారా గుమ్మంలో నిలబడి చూసింది. పక్కన స్టాండు మీద దుప్పట్లు ఆవిర్లు కక్కుతున్నాయి.

"అయ్యో, మూతైనా లేదే," అంది. "రెండేళ్ళు కళ్ళు కాయలు కాచేలా చేశాడండీ పిల్లాడు. ఏమోలెండి, మీ ఇంట్లో ఉన్నాయంటే మాకేం బెంగ లేదు. ఏదో, తల్లి మనసు."

ఆ తల్లి మనసు కారెక్కి స్టాన్‌మోర్ వెళ్ళిపోయింది. బాబురావుకి మాత్రం ఆ మాట అక్కడే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే ప్రేమలీల డ్యూటీకి వెళ్ళగానే, అంట్లు తోముకునే పసుపుపచ్చ రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని బాక్స్ రూమ్‌లోకి వెళ్ళాడు.

ఆషెర్ సెల్లుల ట్రేని ముందు జిప్ బ్యాగులో పెట్టాడు. బ్యాగు చుట్టూ గిన్నెల మీద కప్పే వంటింటి క్లింగ్ ఫిల్మ్ నాలుగు చుట్లు చుట్టాడు. దాని మీద, ఇండియాకి పంపే పార్సిల్‌కి వేసినట్టు, బ్రౌన్ టేపు అడ్డంగా, నిలువుగా వేశాడు. పైవైపు మాత్రం దీపం వెలుగు పడాలని టేపు వేయలేదు. సైన్సు పట్ల ఆయనకి గౌరవం ఉంది. తర్వాత ఆ పార్సిల్‌ని షెల్ఫులో బట్టలకి దూరంగా, మంచి చోట పెట్టాడు. దీపాన్ని కూడా కాస్త అటు జరిపాడు. దానికి చోటు చేయడం కోసం కూతురి ట్రేని స్టాండు వైపుకి, సరిగ్గా దుప్పట్ల కిందకి జరిపాడు. దాన్ని దేనిలోనూ చుట్టలేదు. చుట్టాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఏంజెలినా శనివారం తిరిగొచ్చింది. సూట్‌కేసు మెట్ల దగ్గరే వదిలి తాళం తీసింది. తీశాక ఇంట్లో అరుపు వినిపించింది.

"డాడీ! వాట్ హావ్ యూ డన్?"

బాబురావు టీ కప్పుతో పైకొచ్చాడు. "ఏం చేశాను? ప్యాక్ చేశాను."

"ఎందుకు?"

"సారా గారొచ్చి చూశారమ్మా. ఎవరివో వస్తువులు మనింట్లో పాడైతే రేపు ఏ మొహం పెట్టుకుని ఫెలోషిప్‌కి వెళ్తాం?"

"డాడీ, పాడవుతాయో లేదో చూడ్డానికే కదా ఇక్కడ పెట్టింది! పాడవ్వాలి!"

బాబురావు ఒక్క క్షణం నోరు తెరిచాడు. ఏదైనా వస్తువు పాడవ్వాలని ఎవరైనా కోరుకుంటారన్నది ఆయన జీవితంలో కొత్త సంగతి. "ఆ ముక్క ముందే చెప్పొద్దా?" అన్నాడు.

"మరి నావి? నావెందుకు ప్యాక్ చేయలేదు?"

"నీవి మనవే కదమ్మా," అన్నాడాయన, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు. "మనవి ఎలాగోలా అడ్జస్టయిపోతాయి."

ఏంజెలినా దుప్పటి పైకెత్తి చూసింది. ట్రే జాలీ మీద తడి మెరుస్తోంది. కింద సెల్లుల మీద చెమట పట్టినట్టుంది. ఆమె పాత సూట్‌కేసుల మీద కూర్చుండిపోయింది. "బుధవారం కంపెనీ వాళ్ళొస్తున్నారు డాడీ. మళ్ళీ పెట్టడానికి టైమ్ లేదు. చిన్నప్పట్నుంచీ ఇంతే. ఎవరొచ్చినా నా మంచం వాళ్ళకే, నా బొమ్మలు వాళ్ళకే. ఇప్పుడు నా పాలిమర్ కూడా నేల మీదే పడుకోవాలా?"

బాబురావు టీ ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. ఆయన కప్పుతో అక్కడే నిలబడ్డాడు. ఆ గదిలో టీ తాగకూడదని గుర్తొచ్చి, బయటికెళ్ళి, గుమ్మం అవతల నిలబడ్డాడు.

సంగతి తెలిసి ప్రేమలీల భర్తతో మాట్లాడటం మానేసింది. దేవుడితో మాత్రం మాట్లాడాలనుకుంది. మర్నాడు ఫెలోషిప్‌లో ప్రార్థన మనవుల సమయంలో లేచింది. మనవి అంటే ఇంట్లో ఏం కష్టమొచ్చిందో అందరికీ చెప్పి ప్రార్థించమని అడగడం. చాలా కుటుంబాల గురించి ఫెలోషిప్‌కి తెలిసిందంతా అలా తెలిసిందే.

"మా పాప చేసిన పాలిమర్ కోసం ప్రార్థన చేయండి," అంది. "తడిలో ఉండిపోయింది. రేపు టెస్టు."

గోపాల్‌రావు గారు ఎదర నిలబడి కళ్ళు మూసుకుని, పాలిమర్‌కి తడి వల్ల వచ్చిన బలహీనత అంతా తొలగిపోవాలనీ, దాని లోపల ఏ ఆటంకమూ లేకుండా కరెంటు ప్రవహించాలనీ గట్టిగా ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. సారా కూడా అంది. ఆమె ఆమెన్ మిగతావాళ్ళకంటే కొంచెం ఆలస్యంగా వినపడింది.

సోమవారం ల్యాబులో ముందు ఆషెర్ పార్సిల్ తెరిచారు. కత్తెరతో మొదలుపెట్టి, కుదరక బ్లేడు తెచ్చారు. డాక్టర్ హోల్డెన్ గోడకి ఆనుకుని ఓపిగ్గా చూస్తోంది. జరిగిందంతా ఏంజెలినా దాచకుండా చెప్పేసింది.

"యువర్ డాడ్ ఈజ్ అ లెజెండ్," అన్నాడు ఆషెర్, బ్రౌన్ టేపు పీకుతూ.

ఆఖరి పొర విప్పాక అందరూ వంగి చూశారు. అన్ని పొరల మధ్యా, అంత మర్యాద మధ్యా, ఆషెర్ సెల్లులు అంచుల నుంచి పచ్చబడిపోయి ఉన్నాయి. దీపం కింద పెట్టి కొలిస్తే మీటరు ఆరు చూపించింది. పందొమ్మిది కాస్తా ఆరు.

తర్వాత ఏంజెలినా ట్రే. ఆమె చూడలేక కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆషెరే సెల్లుని క్లిప్పుల్లో పెట్టాడు. తెర మీద కరెంటు గీత, మంచి సెల్లు గీతలా, కుడివైపుకి సాగి, సాగి, బాగా చివరికి వెళ్ళాక గానీ కిందకి వంగలేదు.

"ఏంజీ," అన్నాడు ఆషెర్. "ఏంజీ, టర్న్ అరౌండ్."

పద్నాలుగు పాయింట్ రెండు.

రెండోది పద్నాలుగు. మూడోది పద్నాలుగున్నర. ఒక సెల్లు మాత్రం పోయింది. ట్రే జరిపినప్పుడు దాని లోహపు పొర గీసుకుపోయిందని సూక్ష్మదర్శినిలో తేలింది. మిగతావన్నీ బతికున్నాయి. వాటిలో ఒకదాని మీద దుప్పట్లోంచి జారిన నీటి బొట్టు చామాకు మీద నిలిచినట్టు గుండ్రంగా నిలిచి, ఎండిపోయిన గుర్తుంది. గుర్తు పైనే ఉంది. కింద గోధుమరంగు చెక్కుచెదరలేదు.

"ఇది ఫెయిర్ కాదు," అంది ఏంజెలినా. "నీవి సంచిలో ఉన్నాయి. తడి లోపలే ఉండిపోయి పాడయ్యాయేమో."

ఆషెర్ తల గోక్కున్నాడు. తర్వాత తన డ్రాయర్ లాగి, ఇంకో పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అందులో సెల్లులు కూడా పచ్చబడి ఉన్నాయి. "ఇవి ఎవరూ ప్యాక్ చేయలేదు. ఊరికే ఇక్కడ పెట్టాను, అంతే. అంకుల్ బ్యాగ్‌లోవి బెటర్ అసలు," అన్నాడు. ఆ ముక్క తెలుగులో అనడానికి వాడికి చాలాసేపు పట్టింది. అయినా తెలుగులోనే అన్నాడు.

బుధవారం కంపెనీ తరఫున బర్మింగ్‌హామ్ నుంచి ఒక ఇంజినీరు వచ్చింది. జుట్టు కురచగా కత్తిరించుకున్న పెద్దావిడ, ఎక్కువ నవ్వే రకం కాదు. ఏంజెలినా బాక్స్ రూమ్ ఫోటోతోనే మొదలుపెట్టింది. దుప్పట్లు, స్టాండు, మూలన కొత్తగా వేసిన తెల్ల పెయింటు, బ్రౌన్ టేపు పార్సిల్, అన్నీ చూపించింది.

"ఆ సెల్లులని ఎందుకు చుట్టారు?" అని అడిగింది ఇంజినీరు.

"అవి వేరేవాళ్ళవి కాబట్టి. మా నాన్నగారు మర్యాద చేశారు."

"మరి మీవి?"

"మా ఇంటివి కాబట్టి చుట్టలేదు. తడి బట్టల కింద పెట్టారు."

ఇంజినీరు ఫోటో వంక చూసింది, అంకెల వంక చూసింది. "ప్యానెల్‌ని గాజు పలకల మధ్య సీలు చేస్తాం," అంది చివరికి. "ఎంత బాగా సీలు చేసినా ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో కాస్త తడి దూరుతుంది. దూరినప్పుడు ఏమవుతుందన్నదే నేను ప్రతిచోటా అడిగే ప్రశ్న. ఎవరూ జవాబు చెప్పరు. అందరూ తడి లేని గదిలో కొలిచిన అంకెలు చూపిస్తారు. పదిహేనుని పద్దెనిమిది చేయడం మాకు తెలుసు. చచ్చినదాన్ని లేపడం తెలియదు."

ఒక్క షరతు పెట్టింది. చాంబర్ బాగయ్యాక, ఎవరి నాన్నా లేకుండా, పద్ధతి ప్రకారం మళ్ళీ చేయాలి. అదే ఫలితం రావాలి.

ఏప్రిల్లో విడిభాగం వచ్చింది. ఈసారి సరైనదే. రెండు రకాల సెల్లులనీ పక్కపక్కనే, ఏ చుట్టూ లేకుండా, ఒకే తేమలో పెట్టారు. ఆషెర్‌వి వరసగా పచ్చబడ్డాయి. ఏంజెలినావి కదల్లేదు. మే నెల మొదట్లో ఒక గురువారం మధ్యాహ్నం కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. పెద్ద ప్యానెళ్ళకి పాలిమర్ లేయరే. పని నడిపించేది ఏంజెలినా. ఆమె టీమ్‌లోకి ఎవరు కావాలో ఆమే చెప్పాలి.

డాక్టర్ హోల్డెన్ అడిగింది. ఏంజెలినా బల్ల అవతల కూర్చున్నవాడి వైపు చూసింది.

"ఆషెర్. పందొమ్మిది ఎలా తెప్పించాలో వాడికి తెలుసు. నా లేయర్‌కి అదే కావాలి."

ఆషెర్ కుర్చీ వెనక్కి వాల్చి, "ఫైన్. బట్ ఐ యామ్ నాట్ కాలింగ్ యూ మేడమ్," అన్నాడు. ఆ మాట పూర్తి చేసేలోపే, కల్చర్ అడ్డొచ్చి, "ఓకే అక్కా?" అని కూడా అన్నాడు. వాడు ఆమెకంటే మూడు నెలలు చిన్న.

ఏంజెలినా ల్యాబు బయటికొచ్చి ముందు తండ్రికి ఫోన్ చేసింది. ఆఫీసులో ఉన్న బాబురావు విషయం విన్నాడు. తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"మనది కదమ్మా," అన్నాడు. "ఎక్కడ పెట్టినా బతికేస్తది."

"డాడీ, నెక్స్ట్ టైమ్ నన్ను కూడా కొంచెం ప్యాక్ చేయి."

"అలాగేనమ్మా," అన్నాడాయన. ఫోన్ పెట్టబోతూ, "ఇవాళ రైల్లో కూర్చుని రా. నుంచోకు. ఎవరైనా అడిగినా సీటివ్వకు," అన్నాడు. బాబురావు కూతురికి ఇచ్చిన సలహాల్లో అలాంటిది అదే మొదటిది.

తల్లికి ఫోన్ చేసేసరికి ఆమె వార్డులో ఉంది. ప్రేమలీల స్టాఫ్ రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"టీమ్‌కి హెడ్డు నువ్వేనా?"

"అవును మమ్మీ."

"నీ పైనెవరూ లేరుగా?"

"డాక్టర్ హోల్డెన్ ఉంది."

"ఆవిడ సరే. మరి ఆషెర్?"

"నా టీమ్‌లో."

"నీ కిందా?"

"మమ్మీ, కింద అని కాదు..."

"తెలుసులేవే," అంది ప్రేమలీల. "దేవునికి స్తోత్రం."

ఫోన్ పెట్టేసి, అద్దంలో చూసుకుని, మొహం సర్దుకుంది. ఎదుటి బిడ్డ ఓడిపోయినప్పుడు ఆ బిడ్డ తల్లికి మనమే ఫోన్ చేసి చెప్పడం మర్యాద కాదు. ప్రేమలీల మర్యాద తప్పే మనిషి కాదు. అందుకని సారాకి చేయలేదు. ఏ సంగతైనా సారాకి చెప్పకుండా పావుగంట ఉండలేని ఇద్దరికి చేసింది. ఎవరికీ చెప్పొద్దని ఇద్దరి దగ్గరా గట్టిగా మాట తీసుకుంది.

తర్వాత వార్డులోకి వెళ్ళింది. ఏడో నంబరు మంచం మీద మోకాలి ఆపరేషన్ అయిన ముసలాయన ఎలా ఉన్నావని అడిగిన పాపానికి, కండక్టింగ్ పాలిమర్లలోంచి చార్జ్ ఎలా ప్రయాణిస్తుందో పూర్తిగా విన్నాడు. ఎనిమిదో నంబరు ఆయన ఏమీ అడగలేదు. ఆయనకి కూడా చెప్పింది. వెజ్జు ఇటు, నాన్‌వెజ్జు అటు అనే దగ్గర ఇద్దరికీ కాస్త అయోమయంగా అనిపించింది, కానీ సిస్టర్ అంత సంతోషంగా ఉండటం ఎప్పుడూ చూడలేదని బుద్ధిగా తలూపారు.

బ్రేక్ టైముకి స్టాఫ్ రూమ్‌లో టీ కలుపుకుని కూర్చుందో లేదో, ఫోన్ మోగింది. తెర మీద సారా పేరు.

ప్రేమలీల వెంటనే ఎత్తలేదు. ముందు చెప్పులు విప్పింది. ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కాళ్ళు చాపుకుంది. టీ కప్పు చేతికందేలా పెట్టుకుంది. అప్పుడు ఎత్తింది.

"వందనాలు సిస్టర్," అంది సారా. "కంగ్రాచులేషన్స్. ఇప్పుడే తెలిసింది. మీ ఏంజెలినా..."

"మా ఏంజెలినాకేమైంది సిస్టర్?" అంది ప్రేమలీల, ఎంతో కంగారుగా. "పొద్దుట్నుంచీ డ్యూటీలో ఉన్నాను. నాకింకా ఏ సంగతీ తెలీదు. మొదట్నుంచీ చెప్పండి."